పేజీలో అసలు పాఠం ఏది? వెబ్ చెత్తను ఏరే యంత్రాలు, తెలుగుకు కుదరని కొలతలు

ఏదైనా తెలుగు వార్తా సైట్లో ఒక పేజీ తెరవండి. అందులోని అక్షరాలన్నీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. పైన రాజకీయం, సినిమా, క్రీడలు, రాశిఫలాలు అంటూ మెనూ. దాని కింద తాజా వార్తల పట్టీ. ఆ తరవాత శీర్షిక, ఫొటో కింది వాక్యం, రెండు పేరాల వార్త. అక్కడ వార్త తెగిపోయి "ఇవి కూడా చదవండి" అంటూ నాలుగు లింకులు. మళ్ళీ వార్త. చివర్లో వాట్సాప్ ఛానల్లో చేరమని పిలుపు, ట్యాగులు, ఎక్కువమంది చదివిన వార్తల జాబితా, కాపీరైటు వాక్యం. వార్త కోసం వచ్చినవాళ్ళ కన్ను వీటన్నిటినీ దాటుకుని అసలు చోట వాలుతుంది. ఏది వార్తో, ఏది కాదో మనకెవరూ చెప్పనక్కర్లేదు.

కంప్యూటర్‌కు ఇదంతా ఒకటే వరస: పేజీ రూపాన్ని చెప్పే హెచ్‌టీఎంఎల్ ట్యాగులు, వాటి మధ్య అక్షరాలు. మెనూలో "క్రీడలు" అన్న మాటకూ వార్తలో "క్రీడలు" అన్న మాటకూ దానికి తేడా తెలియదు. ఈ తేడా తెలియకపోతే నష్టం చాలామందికి. సెర్చ్ ఇంజన్‌కు ప్రతి పేజీ క్రీడల గురించే అనిపిస్తుంది. చూపు లేనివారు స్క్రీన్ రీడర్‌తో వింటుంటే, వార్త దగ్గరికి చేరేలోపు మెనూ మొత్తం వినాల్సి వస్తుంది. ఇప్పుడైతే చాట్‌జీపీటీ లాంటివాటిని నడిపే భాషా నమూనాలు కూడా ఈ పేజీల నుంచే తెలుగు నేర్చుకుంటున్నాయి. వాక్యం మధ్యలో "ఇవి కూడా చదవండి" కనిపిస్తూ ఉంటే అదీ తెలుగు రాసే పద్ధతే అనుకుంటాయి. 2005లో డేవిడ్ గిబ్సన్, కునాల్ పునేరా, ఆండ్రూ టామ్‌కిన్స్ వెబ్‌ను కొలిచి, దాని సరుకులో 40 నుంచి 50 శాతం ఇలా పేజీ పేజీకీ తిరిగొచ్చే మూస పదార్థమేనని తేల్చారు. అది పెరుగుతూనే ఉందనీ చెప్పారు.

ఈ మూస పదార్థాన్ని సాంకేతిక లోకంలో బాయిలర్‌ప్లేట్ అంటారు. దాన్ని ఏరేయడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, పాతికేళ్ళుగా దీని మీద పని సాగుతూనే ఉంది. ఏరే పద్ధతులు ఏ పేజీలను చూసి నేర్చుకున్నాయో ఆ పేజీల అలవాట్లన్నీ వాటి లోపల ఉండిపోయాయి. ఆ పేజీల్లో తెలుగు లేదు. ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఇదే. అది అర్థం కావాలంటే ముందు ఆ పద్ధతులు ఎలా పనిచేస్తాయో చూడాలి.

మొదట్లో ఒక్కో సైటుకు ఒక్కో నియమం రాసేవారు: ఫలానా సైట్లో వార్త ఫలానా ట్యాగులో ఉంటుంది, అది తీసుకో. సైటు రూపం మార్చిన రోజున ఆ నియమం పనికిరాదు. అందుకే ఏ సైటుకైనా పనిచేసే గుర్తుల కోసం వెతికారు. 2001లో డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఏడన్ ఫిన్, నికొలస్ కుష్మెరిక్, బారీ స్మిత్ ఒక ఉపాయం చెప్పారు. పేజీని మాటలు, ట్యాగులు అనే రెండే రకాల పూసలుగా చూడు. మాటలు దట్టంగా, ట్యాగులు పలచగా ఉన్న ఒక్క అవిచ్ఛిన్న భాగాన్ని పట్టుకో. అదే అసలు పాఠం. మెనూల్లో రెండు మాటలకో ట్యాగు ఉంటుంది, పేరాలో యాభై మాటలున్నా ట్యాగు రాకపోవచ్చు. భాషే తెలియనక్కర్లేని ఆలోచన ఇది. దాని బలహీనత కూడా తేలిగ్గానే తెలుస్తుంది. పాఠం ఒకే చోట కలిసి ఉంటుందని అది నమ్ముతుంది. మధ్యలో లింకుల గుంపును దూర్చే ఈనాటి పేజీల్లో ఆ నమ్మకం చెల్లదు.

2007లో క్లీన్ఎవాల్ అనే పోటీ జరిగింది. మనుషులు చేతితో శుభ్రం చేసిన ఇంగ్లీషు, చైనీస్ పేజీలు పెట్టి, వాటికి ఎవరి యంత్రం ఎంత దగ్గరగా వస్తుందో చూశారు. ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయం బృందం చేసిన విక్టర్ అందులో ముందు నిలిచింది. అది పేజీని ముక్కల (ఒక పేరా, ఒక శీర్షిక, ఒక మెనూ లాంటివి) వరసగా తీసుకుని, ప్రతి ముక్క గురించీ దాని ఇరుగుపొరుగును కూడా చూసి తీర్పు చెబుతుంది. వార్త పక్కన వార్త, మెనూ పక్కన మెనూ ఉండే అవకాశం ఎక్కువ కదా. ఈ ఇరుగుపొరుగు సూత్రం తరవాత వచ్చిన దాదాపు అన్ని పద్ధతుల్లోనూ ఉంది.

అన్నిటికంటే ఎక్కువ వాడుకలోకి వచ్చినవాటిలో ఒకటి బాయిలర్‌పైప్. జర్మనీలో హానోవర్‌లోని ఎల్3ఎస్ పరిశోధన కేంద్రానికి చెందిన క్రిస్టియన్ కోల్‌షూటర్, పీటర్ ఫాన్‌కౌజర్, వోల్ఫ్‌గాంగ్ నేడ్ల్ 2010లో దాన్ని ప్రకటించారు. దాని లోపల ఉన్నది చాలా చిన్న డెసిషన్ ట్రీ, అంటే ఒకదాని జవాబును బట్టి మరోటి అడిగే ప్రశ్నల చెట్టు. ఇక్కడ మొత్తం చెప్పేయొచ్చు.

ఒక ముక్కలోని మాటల్లో మూడో వంతుకు మించి లింకుల్లో ఉంటే అది చెత్త. మించకపోతే, దానికి ముందున్న ముక్కలో లింకుల పాలు చూడాలి. అది సుమారు 0.56 దాటకపోతే అడగాల్సిన ప్రశ్న: ఈ ముక్కలో 16కు మించి మాటలున్నాయా? ఉంటే అసలు పాఠమే. లేకపోతే తరవాతి ముక్క చూడాలి. అందులో 15కు మించి మాటలుంటే ఇదీ పాఠమే. అక్కడా లేకపోతే, ముందు ముక్కలో నాలుగుకు మించి మాటలుంటే పాఠం, లేకుంటే చెత్త. ముందున్న ముక్క లింకులతో నిండినదైతే పరీక్ష కఠినం. ఈ ముక్కలోనే 40కి మించి మాటలుండాలి, లేదా తరవాతి ముక్కలో 17కి మించి ఉండాలి.

అంతే. భాష గురించి ఒక్క ముక్క తెలియకుండా, మాటల సంఖ్య, లింకుల పాలు అనే రెండు కొలతలతోనే వార్తాపేజీల్లో ఇది చాలా బాగా పనిచేసింది. ఇందులోని అంకెలు ఎవరో ఊహించి పెట్టినవి కావు. 408 సైట్ల నుంచి తెచ్చిన 621 ఇంగ్లీషు వార్తాపేజీల్లో ఏది పాఠమో ఏది కాదో మనుషులు గుర్తులు పెట్టారు. ఆ గుర్తులకు అన్నిటికంటే తక్కువ తప్పులతో సరిపోయే హద్దులను యంత్రం వెతికి పట్టుకుంది. ఇక్కడ మెషీన్ లెర్నింగ్ అంటే ఇదే. 16 అన్న హద్దు ఆ 621 పేజీల నుంచి పుట్టింది.

పదహారు మాటలు ఎవరి లెక్క?

"రేపు ఊరి నుంచి పట్నం రాలేనన్నాడు." ఇది అయిదు మాటల వాక్యం. ఇదే ఇంగ్లీషులో "హి సెడ్ దట్ హి వుడ్ నాట్ బి ఏబుల్ టు కమ్ ఫ్రమ్ ద విలేజ్ టు ద సిటీ టుమారో" అవుతుంది. పదిహేడు మాటలు. బాయిలర్‌పైప్ హద్దును ఇంగ్లీషు వాక్యం ఒంటరిగా దాటేస్తుంది. తెలుగు వాక్యం అందులో మూడో వంతుకు కూడా రాదు. మన భాషలో విభక్తి, కాలం, పురుష, వ్యతిరేకార్థం, "అన్నాడు" అనే అనుకరణ, అన్నీ ఒకే మాటకు అంటుకుంటాయి. "రాలేనన్నాడు" ఒక్కటే ఇంగ్లీషులో పది మాటల పని చేస్తోంది.

పెద్ద పేరాలతో నడిచే వార్తలో ఈ తేడా పెద్దగా బాధించదు. తెలుగు వార్తలో ఒక పేరాకు ముప్ఫై, నలభై మాటలు సులువుగా వస్తాయి. నష్టం కథల్లో. ఒక సంభాషణ చూడండి, ఒక్కో పలుకు ఒక్కో పేరాగా ఉందనుకుందాం:

"ఎప్పుడొచ్చావే?"
"పొద్దున్నే పెద్దమ్మా."
"అమ్మ ఎలా ఉంది?"
"బాగానే ఉంది."

మూడో వాక్యాన్ని పై చెట్టుతో పరీక్షించండి. లింకులు లేవు. మాటలు మూడు, 16 దాటలేదు. తరవాతి ముక్కలో రెండు, 15 దాటలేదు. ముందు ముక్కలో రెండు, 4 దాటలేదు. తీర్పు: చెత్త. ఇంగ్లీషు కథల్లోనూ పొట్టి సంభాషణలు ఇలా పోయే ప్రమాదముంది, నిజమే. కానీ అక్కడ అయిదారు మాటలుగా వచ్చేవి మనకు ఒకటి రెండు మాటలుగా వస్తాయి కాబట్టి మన కథలకు దెబ్బ ఎక్కువ. పాత్రల మాటలు పోయి, మధ్య మధ్య వర్ణన పేరాలు మాత్రం మిగిలిన కథ ఎలా ఉంటుందో ఊహించండి. తెలుగు మాట్లాడే తీరు, ఊరి యాస, వరసలు పెట్టి పిలుచుకోవడం, ఇవన్నీ ఉండేది ఆ పొట్టి వాక్యాల్లోనే.

అసలు మాటలు లెక్కపెట్టడం కూడా తెలుగులో అనుకున్నంత తేలిక కాదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మాటలను విడదీయడానికి చాలామంది, అక్షరాల అమరికను వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో "బ్యాక్‌స్లాష్ డబ్ల్యు" అనే గుర్తు వాడతారు. పైథాన్‌తో పాటే వచ్చే లైబ్రరీ ఆ గుర్తు కింద హల్లులను, అచ్చులను అక్షరాలుగా ఒప్పుకుంటుంది గానీ గుణింతపు గుర్తులను ఒప్పుకోదు. దాంతో "తెలుగు" అన్న మాట త, ల, గ అని మూడు ముక్కలవుతుంది. మెషీన్ లెర్నింగ్‌లో విరివిగా వాడే సైకిట్-లెర్న్ లైబ్రరీలో మాటలను లెక్కపెట్టే కౌంట్ వెక్టరైజర్ మామూలు అమరికలో రెండు అక్షరాలకు తక్కువైన ముక్కలను పారేస్తుంది. అంటే ఆ లెక్కలో "తెలుగు" అన్న మాట పూర్తిగా మాయం. ఏ హెచ్చరికా రాదు, ప్రోగ్రాం ఆగిపోదు. ఫలితం మాత్రం తప్పుగా వస్తుంది. తెలుగు పాఠాల మీద పనిచేసే విద్యార్థులు మొట్టమొదట సరిచూసుకోవాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

భాష తెలిసిన పద్ధతులూ ఉన్నాయి. బ్ర్నోలోని మసారిక్ విశ్వవిద్యాలయంలో యాన్ పొమికాలెక్ 2011 నాటి పీహెచ్‌డీ పరిశోధనలో వివరించిన జస్‌టెక్స్ట్ అలాంటిది. అది భాషకొక చిట్టా పెట్టుకుంటుంది. వాక్యాల్లో పదే పదే వచ్చే చిన్న మాటల చిట్టా. నిజమైన వాక్యాల్లో అవి దండిగా ఉంటాయి, మెనూల్లో ఉండవు. 200 అక్షరాలు దాటిన ముక్కలో మాటల్లో కనీసం 32 శాతం ఆ చిట్టాలోవైతే, లింకులు తక్కువుంటే, అది మంచి ముక్క. 70 అక్షరాలకు లోపు ముక్కల సంగతి పొరుగును చూసి తేలుస్తుంది. అందమైన ఆలోచన. ఇంగ్లీషుకు, చెక్‌కు చక్కగా నప్పుతుంది.

తెలుగులో ఆ చిన్న మాటల పని చేసేవి ప్రత్యయాలు. అవి విడిగా నిలబడవు కాబట్టి లెక్కలోకి రావు. ఇందులో అంతకంటే లోతైన చిక్కు ఒకటుంది, నన్ను ఎక్కువ కలవరపెట్టేది అదే. తెలుగులో ఏ రకం రాతలో ఇలాంటి విడి మాటలు ఎక్కువ? "అన్నా చెల్లెలూ వచ్చారు" అనేవాళ్ళ రాతలో కాదు. "అన్న మరియు చెల్లెలు వచ్చారు" అనే రాతలో. "మరియు", "యొక్క", "ఒక", "ద్వారా" కుప్పలుగా పడేది యంత్రం అనువదించిన పేజీల్లో, ఇంగ్లీషు నుంచి మక్కికి మక్కి దించిన ప్రకటనల్లో. అంటే హద్దును తెలుగుకు తగ్గట్టు మార్చకుండా ఈ కొలత వాడితే, సహజమైన తెలుగును పక్కకు నెట్టి అనువాదపు తెలుగుకు మంచి మార్కులు వేసే ప్రమాదముంది. చెత్తను ఏరాల్సిన పరికరమే చెత్తకు పట్టం కడుతుంది.

ఇక మెదడు నరాల అల్లికను పోలిన లెక్కలతో నడిచే న్యూరల్ పద్ధతులు. 2018లో వెబ్2టెక్స్ట్, 2020లో బాయిలర్‌నెట్ వచ్చాయి. ఏ కొలతలు చూడాలో కూడా యంత్రమే నేర్చుకుంటుంది కాబట్టి ఇక సమస్య తీరుతుందని ఆశ. 2023లో బేవెండార్ఫ్ తదితరులు పాతవాటిని, కొత్తవాటిని పక్కపక్కన పెట్టి కొలిచినప్పుడు, రకరకాల పేజీల మీద పాత పద్ధతులే ఎక్కువ నిలకడగా కనిపించాయి. వార్తల మీద నేర్చుకున్న నమూనా వార్తల మీదే బాగుంటుంది. ఈ రోజు పెద్ద సంస్థలు వాడే ట్రాఫిలాటురా కూడా ప్రధానంగా నియమాల మీద నడిచేదే. బెర్లిన్‌లో ఏడ్రియన్ బార్బరేసి రాసిన పరికరమిది.

పేజీనే పారేసే వడపోత

ఇంతదాకా చెప్పింది పేజీలో పాఠాన్ని వేరు చేయడం గురించి. భాషా నమూనాలు వచ్చాక దీని పైన రెండో వడపోత వచ్చింది: ఈ పేజీ మొత్తం దాచుకోదగ్గదేనా? ఇక్కడ పొరపాటు జరిగితే పోయేది వాక్యం కాదు, పేజీ.

2019లో గూగుల్ పరిశోధకులు టీ5 అనే భాషా నమూనా కోసం చేసిన సీ4 అనే ఇంగ్లీషు పాఠాల సంపుటిలో, వాక్యాంత చిహ్నంతో ముగియని వరసలను తీసేశారు. దాని బహుభాషా రూపం ఎంసీ4లో తెలుగు కూడా ఉంది. అన్ని భాషల్లో ఇంగ్లీషు చిహ్నాలుండవు కాబట్టి ఆ నియమం మార్చి, పేజీలో 200 అక్షరాలకు తగ్గని వరసలు కనీసం మూడు ఉండాలన్నారు. పద్యం సంగతి చూడండి. మనకు బాగా తెలిసిన వృత్తపద్యాల పాదంలో ఇరవైకి అటూ ఇటూ అక్షరాలు. కంప్యూటర్లలో లిపులన్నిటికీ ఉమ్మడిగా వాడే యూనికోడ్‌లో ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" ఒక్కటే ఆరు. అలా ఎంత పెంచి లెక్కేసినా పాదం 200కు చేరదు. తాత్పర్యం జోడించిన శతకం పేజీ బతకొచ్చు. వరసకో పాదం చొప్పున పద్యాలే ఉన్న పేజీ పోతుంది. సామెతల పేజీ, పొడుపుకథల పేజీ, జానపద గేయాల పేజీ, వీటి గతీ అంతే.

తరవాతి అడుగులో నియమం బదులు నమూనా వచ్చింది. "మంచి" పేజీలు కొన్ని చూపించి, ఇలాంటివి ఏరుకో అని నేర్పడం. 2020లో జీపీటీ-3 అనే భాషా నమూనా కోసం ఇలాగే ఒక వర్గీకరణ నమూనాను వాడారు. ఆ నమూనాతో పాటు నకళ్ళ తొలగింపు కూడా కలిపి, వెబ్ పేజీలను పోగుచేసే కామన్ క్రాల్ నుంచి తీసుకున్న 45 టెరాబైట్ల పాఠాన్ని 570 గిగాబైట్లకు కుదించారు. 2022లో సుచిన్ గురురంగన్ తదితరులు ఆ వడపోతను తిరిగి నిర్మించి, అమెరికా హైస్కూళ్ళ విద్యార్థి పత్రికల మీద నడిపారు. ధనిక ప్రాంతాల, పట్టణాల, పెద్ద బడుల పిల్లల రాతలకు అది ఎక్కువ మార్కులు వేసింది. పిల్లలందరూ రాసింది ఇంగ్లీషే. "నాణ్యత" పేరుతో కొలిచినది, చూపించిన నమూనాలకు ఎంత దగ్గరగా ఉందన్న సంగతి.

తెలుగులో చూపించడానికి "మంచి" నమూనా ఏది? సాధారణంగా వికీపీడియా. 2019లో ఫేస్‌బుక్ పరిశోధకుల సీసీనెట్ చేసినది ఇదే: వికీపీడియా మీద భాషా నమూనాను తయారుచేసి, అది ఏ పేజీని చూసి ఎంత తికమకపడుతుందో కొలిచి, తక్కువ తికమక పెట్టేవాటిని పై వరసలో ఉంచారు. తెలుగు వికీపీడియా మీద నాకు గౌరవం. కానీ అందులో ఊళ్ళ పేజీలు వేల సంఖ్యలో ఒకే మూసలో ఉన్నాయి: జనాభా, బడి, నీటి వసతి, పంటలు. ఆ మూస నేర్చుకున్న నమూనాకు వరంగల్ మాటలో సాగే జ్ఞాపకం గానీ, ఉత్తరాంధ్ర యాసలో కథ గానీ కొత్తగా, వింతగా కనిపిస్తుంది. వింతగా కనిపించింది కింది వరసకు పోతుంది.

ఈ వడపోతల దాకా రానే రానివి కూడా ఉన్నాయి. 2000ల తొలినాళ్ళలో తెలుగు పత్రికల సైట్లు సొంత ఫాంట్లు వాడేవి. తెర మీద తెలుగు కనిపించేది, లోపల మాత్రం లాటిన్ అక్షరాల గజిబిజి. వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికి వెన్న నాగార్జున పద్మ అనే పరికరం చేశారు. మార్చకుండా వదిలేసిన పాత పేజీని భాషను గుర్తించే యంత్రం తెలుగు అనుకోదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగుదీ ఇలాంటి కథే. ఎక్స్‌ఎల్‌ఎం-ఆర్ అనే బహుభాషా నమూనా కోసం చేసిన సీసీ100 సంపుటి దానికి విడిగా చోటిచ్చింది. చాలా సంపుటాలు ఇవ్వలేదు.

ఇలాంటి సంపుటాలను కళ్ళతో చదివి చూసినవాళ్ళు తక్కువ. 2022లో యూలియా క్రాయ్ట్‌సర్ తదితరులు ఆ పని చేశారు. భాషలవారీగా 205 సంపుటాలను మనుషులతో పరీక్షింపజేస్తే, కనీసం 15 సంపుటాల్లో పనికొచ్చే పాఠమే లేదు.

పరిస్థితి మారుతోంది కూడా. మద్రాస్ ఐఐటీలోని ఏఐ4భారత్ 2024లో 22 భారతీయ భాషలకు సంగ్రహ అనే సంపుటిని విడుదల చేసింది. అందులో ఒక భాగానికి సైట్లను ముందుగా మనుషులే చూసి ఎంపిక చేశారు. హగ్గింగ్ ఫేస్ సంస్థ ఫైన్‌వెబ్2 అనే తన బహుభాషా సంపుటిలో ఒకే హద్దును అన్ని భాషల మీదా రుద్దకుండా, ప్రతి భాష గణాంకాల నుంచి దాని హద్దులను లెక్కగట్టే పద్ధతి పెట్టింది. ఆ పద్ధతులను పరీక్షించడానికి ఎంచుకున్న తొమ్మిది భాషల్లో తెలుగు ఒకటి. ఇది నాకు నిజంగా సంతోషం కలిగించిన వార్త. ఇది రెండో వడపోతకు వచ్చిన మంచి మార్పు. మొదటి వడపోతలో, అంటే పేజీ లోపల పాఠాన్ని వేరుచేసే చోట, తెలుగు పేజీల మీద చేతితో పెట్టిన గుర్తులు ఇంకా కావాలి.

ఎన్ని కావాలి? బాయిలర్‌పైప్ 621 పేజీలతో పుట్టింది. లక్షలు అక్కర్లేదు. కొన్ని వందల తెలుగు పేజీలు, ఒక్కోదానికి ఇద్దరు విడివిడిగా గుర్తులు పెట్టి, తేడా వచ్చిన చోట మాట్లాడుకుని రాసుకున్న నియమావళి. మన విశ్వవిద్యాలయాల్లో తెలుగు శాఖ, కంప్యూటర్ శాఖ కలిస్తే ఒక సెమిస్టర్‌లో తేలే పని. తీర్పు చెప్పాల్సినవి చాలా ఉంటాయి: ఫొటో కింది వాక్యం పాఠమా కాదా? పద్యం పక్కన ప్రతిపదార్థం? వంట పేజీలో కొలతల జాబితా? ఇవి తెలుగు చదివేవాళ్ళే చెప్పాల్సిన తీర్పులు.

పేజీల ఎంపికలో మాత్రం వార్తలతో సరిపెట్టకూడదు. ఎంత శాతం సరిగ్గా పట్టుకుందన్న లెక్కను కూడా రకాల వారీగా విడివిడిగా చూపాలి. అన్నీ కలిపి ఒకే అంకె ఇస్తే, సంఖ్యలో ఎక్కువైన వార్తాపేజీల మంచి మార్కుల కింద కథల నష్టం కనబడకుండా పోతుంది. వార్తలకు ఇప్పుడున్న పరికరాలు చాలావరకు పనిచేస్తున్నాయి. ముందుగా గుర్తులు పెట్టాల్సినవి సంభాషణలతో నడిచే కథలు, పద్యాలు, గేయాలు, సామెతల పేజీలు.